డఫీ 0.440 నిజమే, ఆ మెసేజ్ మాత్రం తప్పు

అమెరికాలో ఉన్న మనవాళ్ళ గ్రూపుల్లో ఆ మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. "1894లో బోస్టన్ ఆటగాడు హ్యూ డఫీ 0.440 కొట్టాడు. అప్పట్లో సరైన గ్లవ్స్ లేవు, డబ్బు మీద ఆశా లేదు. ఇప్పటివాళ్ళు ఆయన కాలిగోటికి సరిపోరు. ఆ రికార్డుని ఇప్పటిదాకా ఏ మనిషీ దాటలేదు." బేస్‌బాల్ బాగా తెలిసిన స్నేహితులే దీన్ని పంపుతుంటే చిరాకొస్తోంది. 0.440 అంటే బ్యాటింగ్ సగటు: లెక్కలోకి వచ్చే ప్రతి వంద బ్యాటింగ్ అవకాశాల్లో 44 సార్లు హిట్ కొట్టడం.

ముందు డబ్బు సంగతి. 1890లో జీతాలు, కాంట్రాక్టుల మీద యజమానులతో గొడవపడి ఆటగాళ్ళే ప్లేయర్స్ లీగ్ పెట్టుకున్నారు. అందులో చికాగో జట్టుకి ఆడినవాళ్ళలో డఫీ కూడా ఉన్నాడు. గ్లవ్స్ అంటారా, ఫీల్డర్ గ్లవ్ చిన్నదైతే లాభపడేది బ్యాటరే కదా!

"కాలిగోటికి సరిపోరు" అనేముందు ఆ ఏడాది మిగతావాళ్ళు ఎంత కొట్టారో చూడాలి. 1893లో బంతి విసిరే పిచర్‌ని బ్యాటర్ నుంచి సుమారు 5 అడుగులు వెనక్కి జరిపి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో నిలబెట్టారు. దాంతో బ్యాటర్లకి పని తేలికైంది. డఫీ ఆడిన నేషనల్ లీగ్ సగటు 1892లో 0.245. మరుసటి ఏడు 0.280, 1894లో ఏకంగా 0.309. మామూలు ఫౌల్‌ని (గీతల బయటికి కొట్టిన బంతిని) స్ట్రైక్‌గా (మూడైతే బ్యాటర్ ఔట్) లెక్కపెట్టే రూల్ అప్పటికింకా రాలేదు, అది ఆ లీగ్‌లోకి 1901లో వచ్చింది. ఫిలడెల్ఫియాలో డెలహాంటీ, థాంప్సన్, హామిల్టన్, టర్నర్, నలుగురు ఔట్‌ఫీల్డర్లూ ఆ ఒక్క ఏడాదే 0.400 దాటారు. అయినా ఆ జట్టుకి దక్కింది నాలుగో స్థానం.

లీగ్ సగటుతో పోలిస్తే డఫీ 42 శాతం పైన ఉన్నాడు. 1941లో టెడ్ విలియమ్స్ 0.406 కొట్టినప్పుడు అమెరికన్ లీగ్ సగటు 0.266, అంటే తేడా 50 శాతం దాటింది. సరిగ్గా డఫీ తర్వాత వందేళ్ళకి, 1994లో, టోనీ గ్విన్ కొట్టిన 0.394 కూడా ఈ లెక్కలో డఫీ కంటే పైనే ఉంటుంది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. అందరూ బాదుతున్న ఆ ఏడాది కూడా డఫీ అందరికంటే ముందున్నాడు. పొట్టి మనిషి, అయినా 18 హోమ్ రన్లతో అందులోనూ లీగ్‌లో మొదటివాడు. ఆయన గొప్ప బ్యాటర్ కాదని నేను అనను.

అసలు నాకు కోపం తెప్పించింది చివరి వాక్యం. మేజర్ లీగ్‌లోకి రానివ్వని నల్లజాతి ఆటగాళ్ళు విడిగా ఆడిన నీగ్రో లీగ్‌ల 1920 నుంచి 1948 దాకా లెక్కల్ని 2024 మేలో మేజర్ లీగ్ బేస్‌బాల్ తన అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో సీజన్ రికార్డు జాష్ గిబ్సన్‌ది అయింది: 1943లో హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున 0.466. ఆయన తర్వాత 1929లో 0.451 కొట్టిన చినో స్మిత్. డఫీ వీళ్ళిద్దరి వెనకే.

ఇది చెప్పగానే "ఆ సీజన్లు చిన్నవి కదా" అని జవాబొస్తుంది. చిన్నవే. కోవిడ్ వల్ల 2020లో 60 మ్యాచ్‌లే జరిగాయి, అదీ అధికారిక సీజనే కదా? "ఎదురుగా గట్టి పిచర్లు లేరు" అంటారు ఇంకొందరు. గిబ్సన్ ఆడిన రోజుల్లో అవతల సాచెల్ పేజ్ లాంటి పిచర్లున్నారు. ఆ పేజ్‌ని మేజర్ లీగ్ తీసుకున్నది 1948లో, ఆయనకి 42 ఏళ్ళు వచ్చాక. గిబ్సన్‌కి ఆ అవకాశమూ రాలేదు. 1947 జనవరిలో 35 ఏళ్ళకే చనిపోయాడు. మూడు నెలల తర్వాత, ఏప్రిల్‌లో, ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడిగా జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగాడు.

1894లో డఫీ ఆడిన లీగ్‌లో నల్లజాతి ఆటగాడు ఒక్కడూ లేడు. యజమానులు రానివ్వలేదు. "ఏ మనిషీ దాటలేదు" అని పంపుతున్నారంటే గిబ్సన్‌నీ స్మిత్‌నీ మనుషుల లెక్కలోంచి తీసేస్తున్నారు. ఆ వాక్యం చెరిపేసి పంపండి, లేదంటే అసలు పంపకండి.