సవరణ: ముడుచుకునేది సిరా కాదు, రేకు

తమంతట తామే మడతపడే ప్లాస్టిక్ రేకుల గురించి రాసిన గత టపాలో "నల్ల సిరా గీత ముడుచుకుని రేకును వంచుతుంది" అనే వాక్యం ఉంది. దాన్ని తొలగించాను. రేకు మీద పడే పరారుణ కాంతిని (కంటికి కనబడని, వేడి కలిగించే కాంతి) పీల్చుకుని వేడెక్కడం, సిరా చేసే పని ఇదొక్కటే.

బలమంతా రేకులోనే ఉంటుంది. ఆ పాలిస్టైరీన్ రేకును తయారీలోనే వేడిచేసి, సాగదీసి, సాగిన స్థితిలోనే చల్లారుస్తారు. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటితే అందులో బిగుసుకుపోయిన అణుగొలుసులు వదులై మళ్లీ దగ్గరికి చేరతాయి. గీత ఉన్న చోట ఆ వేడి ముందుగా పుడుతుంది. అక్కడా సిరా ఉన్న పైముఖం మొదట కుంచించుకుపోతుంది, అడుగుముఖం వెనకబడుతుంది. ఈ తేడా వల్లనే రేకు సిరా వైపు వంగుతుంది. అదే రేకును ఓవెన్‌లో అంతటా సమానంగా వేడిచేస్తే మడత రాదు, చిన్నదై మందమవుతుంది, అంతే. గీత వెడల్పు పెరిగితే కోణమూ పెరుగుతుంది.

"చల్లారితే మళ్లీ చదునవుతుందా?" అని చాలామంది అడిగారు. కాదు. చల్లారితే మడత గట్టిపడుతుంది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లో చూపిన ఈ పద్ధతి ఒకవైపు ప్రయాణమే. రంగు సిరాలతో ఏ మడత ముందు, ఏది తర్వాత పడాలో నిర్ణయించే ప్రయోగం వారిదే, కానీ అది తర్వాతిది, 2017 నాటిది.