మనిషికి యాభై: దసరా పాలపిట్ట పంజరం గారికి

పంజరం గారూ,

నమస్కారం. తుప్పు అదీ ఏమీ పట్టలేదు కదా? ఏడాదికి నాలుగు రోజులు డ్యూటీ, మిగతా కాలమంతా ఎవరింటి అటక మీదో విశ్రాంతి. మా ఆఫీసులో ఇలాంటి ఉద్యోగం పడితే మనుషులు కొట్టుకుంటారు.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. పోయిన దసరా సాయంత్రం ఎర్ర గుడ్డ కప్పుకొని, సైకిల్ హ్యాండిల్‌కి వేలాడుతూ మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వచ్చారు. వాచ్‌మన్ ఇంటర్‌కామ్‌లో "మేడం, పాలపిట్ట వచ్చింది" అన్నాడు, గ్యాస్ సిలిండర్ వచ్చిందన్నంత మామూలుగా. "పాలపిట్టను చూడకుంటే దసరా ఎట్లయితది" అని పొద్దుటి నుంచి గొణుగుతున్న మా అత్తమ్మ, మోకాళ్ల నొప్పి సంగతే మరిచిపోయి, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగేసింది.

మనిషికి యాభై, ఫొటో తీసుకుంటే వంద. ఇచ్చాను. ఇది ముందే ఒప్పుకుంటున్నా, తర్వాత మీరు ఆ మాట ఎత్తి నా నోరు మూయించకుండా.

గుడ్డ తీశారు. లోపల మూలకి నక్కి మట్టిరంగు పిట్ట ఒకటి. మా ఏడేళ్ల వాడు "బ్లూ ఏదమ్మా?" అన్నాడు. వాడు అడిగింది న్యాయమే. పాలపిట్ట రెక్కలు ముడుచుకుని కూర్చుంటే చాలావరకు మట్టిరంగే, దాని అందమంతా రెక్క విప్పితేనే. తీగ మీద ఊరికే కూర్చున్నది ఒక్కసారి లేచిందంటే, ముదురు నీలం, లేత నీలం పట్టీలు పట్టీలుగా గాల్లో తెరుచుకుంటాయి. ఎగిరితేనే కనిపించేదాన్ని ఎగరనివ్వకుండా చూపించడం మీ వ్యాపారం. చీకటి గదిలో సూర్యోదయం చూపిస్తామని టికెట్లు అమ్మేవాళ్లు కూడా మీ ముందు బలాదూర్.

దానికీ ఉపాయం ఉందిలెండి. మీ యజమాని చెయ్యి లోపలికి పెట్టి, రెక్క కొస పట్టుకుని, విసనకర్ర విప్పినట్టు బయటికి లాగాడు. "చూడండి మేడం, ఒరిజినల్ నీలం." అత్తమ్మ చెంపలు వేసుకుని దండం పెట్టుకుంది. నాకు మాత్రం రెక్క చివర ఈకలు కనిపించాయి. బడికి పోయే పిల్లాడి క్రాఫులా కత్తెరతో సమంగా కత్తిరించి ఉన్నాయి. కాళ్లకి నల్ల దారం. గిన్నెలో అన్నం మెతుకులు. మిడతలు, పేడపురుగులు, తొండపిల్లలు తిని బతికే పిట్టకి అన్నం! పండగ పూట ప్రసాదం అనుకున్నాడేమో.

ఇంతలో రెండో అంతస్తు ఆంటీ గుండె కరిగింది. "మూడొందలు ఇస్తా, వదిలేయ్ పాపం" అంది. మీ తలుపు తెరుచుకుంది. అందరం చప్పట్లు కొట్టాం, ఆంటీ వీడియో ఆన్ చేసింది. పిట్ట కిందికి దూకింది, రెండడుగులు గెంతింది, పార్క్ చేసిన స్కూటీ వెనక్కి పోయి కూర్చుంది. అంతే. కత్తిరించిన ఈకలు రాలిపోయి కొత్తవి మొలిచేదాకా ఎగరలేదు కదా, దానికి నెలలు పడుతుంది. మేం మెట్లెక్కేసరికి మీ వాడు దాన్ని ఎత్తుకుని మళ్లీ మీలో పెట్టేసుకున్నాడు. బాల్కనీలోంచి చూస్తే మీరు పక్క వీధిలో గుడ్డ కప్పుకుంటున్నారు. ఆ సాయంత్రం ఆ పిట్ట ఎన్ని అపార్ట్‌మెంట్లలో విడుదలైందో మీకే తెలియాలి.

పాండవులు అజ్ఞాతవాసం ముగించి వస్తూ పాలపిట్టను చూశారని, అక్కడి నుంచి వాళ్లకి అన్నీ జయాలేనని మా నాన్నమ్మ చెప్పేది. ధర్మరాజు మనిషికి ఎంత కట్టాడో మాత్రం చెప్పలేదు. ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపదితో ఆరుగురు, మీ రేటుకి మూడొందలు, ఫొటో ఎక్స్‌ట్రా.

ప్రభుత్వాలతోనూ మీకు మంచి చుట్టరికమే. 2014లో తెలంగాణ తన రాష్ట్ర పక్షిగా పాలపిట్టను, రాష్ట్ర వృక్షంగా జమ్మిని పెట్టుకుంది. దసరా సెట్టు మొత్తం పూర్తయింది. ఉమ్మడి రాష్ట్రానికి కూడా పాలపిట్టే ఉండేది, విడిపోయాక 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. పాపం ఆ చిలక కూడా మీకు పాత పరిచయమే, జోస్యం చెప్పేవాళ్ల దగ్గర మీ తమ్ముళ్లలోనే కదా ఉంటుంది. ఏ రాష్ట్రం ఏ పిట్టను ఎంచుకున్నా మీ ఇంట్లోనే తేలుతోంది, మీ నెట్‌వర్క్ గొప్పది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పిట్టను పట్టడం, బంధించడం నేరం. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. దసరా దగ్గర పడితే అటవీశాఖ వాళ్లు, జంతు సంరక్షణ సంఘాల వాళ్లు దాడులు చేసి పిట్టల్ని విడిపిస్తూనే ఉంటారు. మీ వాడు ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను మా పర్సుల మీద పెట్టుకుని వ్యాపారం చేసేది అందుకే. కానీ జైలుకి పోయేది అతనే. యాభై ఇచ్చిన నేను ఇంటికొచ్చి గారెలు తిన్నాను.

ఇప్పుడు మీ వాదన కూడా వింటాను, మీ దగ్గర ఒకటుంది. "నేను తేకపోతే మీకు కనిపించేది ఎక్కడమ్మా?" అంటారు. ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. అత్తమ్మ వాళ్లది జనగామ దగ్గర పల్లె. జమ్మి పూజ కాగానే ఊరంతా డప్పులతో పొలిమేర దాకా పోయేటోళ్లమని, కరెంటు తీగ మీద ఒక్కటైనా ఉండేదని, అది కనబడితే పిల్లలు ఈలలు వేసేవాళ్లని చెబుతుంది. ఆ పొలిమేర ఇప్పుడు వెంచర్. రంగు రాళ్లు, ఒక ఆర్చి, ఆర్చి మీద సిమెంటు నెమళ్లు రెండు. పిట్ట గూడు పెట్టుకునేది చెట్టు తొర్రల్లో, మోడు తాటిచెట్టు తొర్రల్లో. ప్లాటులో మోడు తాడి ఎవరుంచుతారు, వాస్తు ఒప్పుకోదు. మిగిలిన చేలల్లో పత్తికి మందు మీద మందు కొడుతున్నారు. మందుకి పురుగు చస్తే పిట్ట తినేదేమిటి? రైతు పంటకి పురుగు పట్టిందని ఏడుస్తుంటే, ఆ పురుగుని పైసా తీసుకోకుండా ఏరిపెట్టే కూలీని మనం తరిమేశాం.

2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక, పాలపిట్టలు బాగా తగ్గిపోతున్నాయని, వాటి ప్రమాద స్థాయిని మళ్లీ లెక్కకట్టాలని చెప్పింది. ఏ జీవికి అంతరించే ప్రమాదం ఎంతుందో చెప్పే అంతర్జాతీయ జాబితాలో అప్పటికి ఈ పిట్ట పేరు "అంత ఆందోళన అక్కర్లేదు" అన్న వరసలో ఉంది. ఆ మాట మీ గుడ్డ మీద రాయించుకోండి, గిరాకీ పెరుగుతుంది.

అంటే పంజరం గారూ, బయట పిట్ట తగ్గేకొద్దీ మీ రేటు పెరుగుతోంది. నా చిన్నప్పుడు మీరు అయిదు రూపాయలే.

ఈసారి దసరాకి ఒక చిన్న మార్పు. అత్తమ్మకి ఆ స్కూటీ వీడియో చూపించాను. రెండుసార్లు చూసింది, ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే కాఫీ ఇస్తూ "పండక్కి కారు తియ్యి, చెరువు కట్టల దిక్కు పోదాం. కనబడితే కనబడ్తది, లేకుంటే లేదు" అంది. టిఫిన్ బాక్సులో పులిహోర, బైనాక్యులర్స్ మా వాడికి ఇప్పటికే కొన్నాం.

మీరు మాత్రం మా గేటు వైపు రాకండి. వాచ్‌మన్ రూమ్ గోడకి అటవీశాఖ వాళ్ల నంబర్ అతికించాను, ప్లంబర్ నంబర్ పక్కనే. ప్లంబర్ ఎలాగూ ఎత్తడు, వీళ్లు ఎత్తుతున్నారో లేదో మొన్న ఒకసారి చేసి చూశాను. ఎత్తారు.

ఇట్లు,
పోయినేడు వందా యాభై చెల్లించిన,
మూడో అంతస్తు