కారుకు చోటు చూపించాల్సింది కారు కొన్నవారే

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకునేవారు కారు నిలిపే చోటును ప్లానులో గీసి చూపించాలి. కారు కొనుక్కునేవారు మాత్రం ఆర్టీఏ కార్యాలయంలో అలాంటి చోటేదీ చూపించనవసరం లేదు. కాలనీల్లో వాహనాల గొడవ ముదిరినప్పుడల్లా ప్రభుత్వం బిల్డర్లను హెచ్చరిస్తుంది, టౌన్‌ప్లానింగ్ సిబ్బంది నాలుగు స్టిల్టుల్లో (పార్కింగ్ కోసం భవనం కింద స్తంభాల మధ్య ఖాళీగా వదిలే అంతస్తుల్లో) గోడలు కూలగొట్టి ఫొటోలు తీయించుకుంటారు, నెల తిరిగేసరికి ఆ గోడలు మళ్లీ లేస్తాయి. ఇన్నేళ్లుగా జరుగుతున్నది ఇదే అయినా, పార్కింగ్ భారాన్ని భవనం మీదనే మోపాలన్న పట్టుదలను మన పాలకులు వదలడం లేదు. ఆ భారాన్ని వాహన యజమాని మీదకు మార్చాలి. రాత్రిపూట కారును ఎక్కడ ఉంచుతారో రుజువు చూపిన తర్వాతే దానికి నంబరు ఇవ్వాలి.

నేపథ్యం ఇది. 2006లో 86వ నంబరు జీవో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే లెక్క) పరిమితిని ఎత్తేసి, భవనం పరిమాణాన్ని రోడ్డు వెడల్పుకూ, ఎత్తుకూ, చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగాలైన సెట్‌బ్యాక్‌లకూ ముడిపెట్టింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీవో అదే దారిలో నడుస్తూ, కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలని పట్టిక వేసి చెప్పింది. స్టిల్టు ఎత్తును భవనం ఎత్తులో కలపరు కాబట్టి, కార్ల పేరు చెప్పి బిల్డరుకు ఒక అంతస్తు ఎత్తు అదనంగా దక్కుతుంది. అందుకు బదులుగా ప్రభుత్వం కోరింది ఆ చోటును మరో పనికి వాడకూడదని మాత్రమే; వాడితే అక్కడికక్కడే తొలగించే అధికారాన్ని కూడా ఆ నిబంధనల్లోనే రాసి పెట్టుకుంది. పార్కింగులో పదో వంతు సందర్శకులకు వదలాలని కూడా అదే జీవో చెబుతుంది. నగరంలో ఏ అపార్ట్‌మెంట్ గేటు చూసినా ‘సందర్శకుల వాహనాలు బయటే నిలపవలెను’ అన్న బోర్డు కనిపిస్తుంది, కాబట్టి ఆ వాక్యాన్ని చదివినవారు ఎందరో వేరే చెప్పనక్కర్లేదు.

కార్లు ఉండాల్సిన చోట ఇప్పుడు ఏముంటున్నాయో చూడాలంటే అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్, దిల్‌సుఖ్‌నగర్, మాదాపూర్ లోపలి వీధుల్లో ఒకసారి నడిస్తే చాలు. హాస్టల్ వంటశాలలు, టిఫిన్ సెంటర్లు, కిరాణా కొట్లు, ట్యూషన్ గదులు, కొరియర్ గోదాములు స్టిల్టుల్లోనే నడుస్తున్నాయి. మెట్ల కింద ఇరుకు గదిలో వాచ్‌మన్ కుటుంబం కాపురముంటుంది. కారుకు ఎంత చోటు కావాలో లెక్క కట్టిన జీవోలు ఆ కుటుంబం గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన దాఖలా కనిపించదు. కొట్టు పెట్టుకుంటే కొంపలేమీ మునగవని వాదించేవారు నాంపల్లి బజార్‌ఘాట్‌ను గుర్తు చేసుకోవాలి. 2023 నవంబర్ 13న అక్కడి అపార్ట్‌మెంట్ కింది భాగంలో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకోగా, పై అంతస్తుల్లో ఉన్నవారిలో తొమ్మిది మంది ఆ రోజే చనిపోయారు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటలు ఎనిమిది మందిని బలి తీసుకున్నాయి. ఒకటి నివాస భవనం, రెండోది వ్యాపార భవనం. రెండు చోట్లా మనుషులు ఉండే గదుల కిందే మంటకు ఆజ్యం పోసే సరుకు పేరుకుంది.

తనిఖీలు పెంచితే ఇదంతా చక్కబడుతుందని నమ్మేవారికి మన అనుమతుల వ్యవస్థ పనిచేసే తీరు తెలియదనుకోవాలి. భవనం పూర్తయ్యాక ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చే రోజున అధికారి స్టిల్టును చూస్తాడు. ఆ రోజుకు అది ఖాళీగా, తెల్ల గీతలతో ముచ్చటగా ఉంటుంది. కార్పొరేషన్‌కు నిబంధనలు పాటిస్తామన్న హామీగా తనఖా పెట్టిన పది శాతం విస్తీర్ణం విడుదలయ్యాక యజమానిని కట్టిపడేసే దారం ఏదీ మిగలదు. అసలు ఆ సర్టిఫికెట్టే లేకుండా జనం కాపురముంటున్న భవనాలు మరెన్నో ఉన్నాయి. ఉల్లంఘించినవారికి 2007లో ఒకసారి, 2015లో మరోసారి క్రమబద్ధీకరణ పథకాలతో ప్రభుత్వాలే ధైర్యం చెప్పాయి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో దేశమంతటికీ వర్తించేలా ఆదేశించింది. మంచి ఆదేశమే, అయితే అది భవనం మొదలయ్యే రోజును మాత్రమే కాపాడుతుంది. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో స్టిల్టులో ఏం జరుగుతుందో రోజూ వెళ్లి చూసే బలగం ఏ కార్పొరేషన్‌కూ లేదు, రాబోదు.

అసలు కిటుకు మరొక చోట ఉంది. స్టిల్టును కొట్టుగా మార్చితే నెలనెలా అద్దె వస్తుంది. కారును మాత్రం వీధిలో ఎన్ని రాత్రులు ఉంచినా పైసా ఖర్చు లేదు. ఇంటి లోపలి చోటుకు ధర ఉండి, గేటు బయటి చోటుకు ధర లేనప్పుడు, లోపలి చోటును అమ్ముకుని బయటి చోటును వాడుకోవడం ఎవరికైనా తోచే లెక్క. యజమాని దురాశ, అధికారి లంచం అంటూ మనం తిట్టుకునేవన్నీ నిజమే, కానీ అవి ఈ లెక్క మీద పెరిగిన పరాన్నజీవులు. వీధి ఉచితంగా ఉన్నంత కాలం జీవోలో పార్కింగ్ శాతాన్ని రెట్టింపు చేసినా రెట్టింపు కొట్లు పుట్టుకొస్తాయే తప్ప రోడ్డు మీద ఒక్క కారు కూడా తగ్గదు. పైగా ఆ అదనపు అంతస్తు ఖర్చు ఫ్లాటు ధరలోనూ, అద్దెలోనూ కలిసి, బస్సులో తిరిగే అద్దెదారు నెత్తిన కూడా పడుతుంది. కారు లేనివాడు కారు చోటుకు డబ్బు కడుతుంటే, కారున్నవాడు దాన్ని ఉచితంగా రోడ్డు మీద పెడుతున్నాడు.

ఆ ఉచితం విలువ ఎంతో గజాల్లో చూద్దాం. ఒక కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు చోటు వదలడం ఆనవాయితీ. అంటే పన్నెండున్నర చదరపు మీటర్లు, సుమారు 15 గజాలు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలాల్లో ఇళ్లు కట్టుకునే పేదలకు అనుమతి అక్కర్లేదని, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలని చెప్పింది. ఆ 75 గజాల ఇంటిలో అయిదో వంతుకు సమానమైన ప్రభుత్వ భూమిని ప్రతి కారు యజమాని ఒక్క రూపాయి నమోదు కూడా లేకుండా రాత్రంతా వాడుకుంటున్నాడు. గజం లక్ష రూపాయలు దాటిన వీధుల్లోనూ ఇదే పద్ధతి. గేటు ముందు పూలకుండీలు, సిమెంటు దిమ్మెలు పెట్టి ‘నో పార్కింగ్’ అని రాసుకుని ఆ చోటును సొంతానికి కట్టేసుకునేవారు మరో తెగ. వారి ఇంటి ర్యాంపు కూడా రోడ్డు మీదనే ఉంటుంది.

ఇక నిల్వ వాహనాల సంగతి. పనికి వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే కార్లు కొంత నయం. కవరు కప్పి నెలల తరబడి కదలని కార్లు, విదేశాల్లో ఉన్న పిల్లల పేరిట మిగిలిన బళ్లు, ట్రావెల్స్ వారి టెంపోలు, సెకండ్‌హ్యాండ్ వ్యాపారులు అమ్మకానికి వరసగా నిలిపిన కార్లు, ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లలో ఆగే జేసీబీలు, టిప్పర్లు కాలనీలను గోదాములుగా మార్చేశాయి. బహిరంగ ప్రదేశంలో పది గంటలకు మించి వదిలేసిన వాహనాన్ని తొలగించే అధికారాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది. ఆ సెక్షన్ ప్రధాన రహదారుల మీద క్రేన్ల రూపంలో దర్శనమిస్తుంది గానీ కాలనీ లోపలికి రాదు. 30 అడుగుల వీధికి రెండు వైపులా కార్లు, వాటి వెనక ర్యాంపులు పోను మిగిలేది ఒక్క వాహనం పట్టే సందు. ఫైరింజన్ అందులోంచి ఎలా వెళ్లాలో బజార్‌ఘాట్ తర్వాత కూడా ఎవరూ చెప్పలేదు.

వాహనం మీద నిబంధన పెట్టడం కొత్త ఊహ కాదు. జపాన్ 1962లోనే చట్టం చేసింది. ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు సొంతంగానో అద్దెకో చోటు ఉందని స్థానిక పోలీస్ స్టేషన్ ధ్రువీకరిస్తే తప్ప అక్కడ మామూలు కారు నమోదు కాదు. రాత్రిపూట రోడ్డు మీద ఒకే చోట ఎనిమిది గంటలకు మించి ఉంచడం నేరం. దాంతో ఖాళీ జాగా ఉన్న ప్రతివారూ నెలవారీ పార్కింగ్ అద్దెకిచ్చే వ్యాపారం మొదలుపెట్టారు, చోటుకు ధర వచ్చింది, ఆ ధర చూసి చిన్న కారుతో సరిపెట్టుకున్నవారూ ఉన్నారు. అంత దూరం వెళ్లనక్కర్లేదంటే మన దేశంలోనే సిక్కిం, మిజోరం రాష్ట్రాలు కొండల మీది ఇరుకు రోడ్లను చూసి ఈ దారి పట్టాయి. మహారాష్ట్ర రవాణా మంత్రి 2025 మేలో పార్కింగ్ చోటు ధ్రువపత్రం లేకుండా కొత్త వాహనాలు నమోదు చేయబోమని ప్రకటించారు. తెలంగాణలో గానీ, 2017లో సొంత భవన నిబంధనలు రాసుకున్న ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఇలాంటి నిబంధన అమల్లోకి రాలేదు.

దీని మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. దొంగ ధ్రువపత్రాలు అమ్ముకునే దళారులు పుడతారని, సొంత జాగా లేని క్యాబ్ డ్రైవరు పొట్ట కొట్టినట్టవుతుందని, మెట్రో, బస్సులు సరిగా లేని చోట కారు మధ్యతరగతికి విలాసం కాదని అంటారు. మూడో మాటలో నిజం ఉంది, కానీ బస్సు తిరగాల్సిన రోడ్డును కార్లతో నింపి బస్సు రావడం లేదనడం సరికాదు. డ్రైవర్ల కోసం రాత్రివేళ ఖాళీగా పడి ఉండే మార్కెట్ యార్డులు, ఫంక్షన్ హాళ్ల ఆవరణలు, ప్రభుత్వ కార్యాలయాల జాగాలు తక్కువ అద్దెకు ఇవ్వొచ్చు. దొంగపత్రాలంటారా, ఒక్కో పార్కింగ్ చోటుకు ఒక నంబరు ఇచ్చి దాన్ని ఆస్తిపన్ను నంబరుతో కలిపి రవాణా శాఖ డేటాలో చేరిస్తే, ఒకే చోటును ఇద్దరు చూపించలేరు. చోటు చూపిన స్టిల్టులో కొట్టు నడుస్తోందని పక్కింటివారు ఫిర్యాదు చేస్తే కారు రిజిస్ట్రేషన్ ఆగుతుంది. అప్పుడు స్టిల్టును కాపాడుకునే బాధ్యత ఫ్లాట్ల యజమానులే మీద వేసుకుంటారు. స్టిల్టు పార్కింగ్ అందరి ఉమ్మడి ఆస్తి అని, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోజాలడని సుప్రీంకోర్టు 2010లో ముంబై సొసైటీ కేసులో చెప్పినా మన దగ్గర ఏ అసోసియేషనూ పెద్దగా పట్టించుకోలేదు. కారు నంబరు ఆ చోటు మీద ఆధారపడిన రోజున పట్టించుకుంటుంది.

ఈ చర్చలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టే విషయం తోపుడు బండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం రోడ్డు పక్కన జామకాయలు అమ్ముకునేవారి పేరు సర్వేలో ఉండాలి, టౌన్ వెండింగ్ కమిటీ ముందుకు వెళ్లాలి, ధ్రువపత్రం తీసుకోవాలి, రుసుము కట్టాలి. మొత్తం వ్యాపారుల సంఖ్య ఆ వార్డు జనాభాలో రెండున్నర శాతానికి మించరాదని కూడా చట్టమే పరిమితి విధించింది. ఇన్ని చేసినా ట్రాఫిక్‌కు అడ్డమంటూ ఏ పొద్దునైనా బండి లారీ ఎక్కవచ్చు. ఆ బండి పక్కనే దానికి రెండింతల చోటు ఆక్రమించిన కారుకు పరిమితి లేదు, కమిటీ లేదు, ధ్రువపత్రం లేదు. ఒకే రోడ్డు మీద బతుకుదెరువు కోసం నిలబడినవాడు ఆక్రమణదారు, సౌకర్యం కోసం బండి నిలిపినవాడు పౌరుడు ఎలా అయ్యారో మన నగర పాలన ఏనాడూ వివరించలేదు. ‘లైఫ్ ట్యాక్స్ కట్టాం’ అన్నది కారున్నవారి స్థిరమైన జవాబు. ఆ పన్ను బండిని రోడ్డు మీద నడుపుకోవడానికి కట్టింది. దానికి పార్కింగ్ అద్దెతో సంబంధం లేదు, కార్పొరేషన్ ఖజానాకు అది నేరుగా చేరేది కూడా కాదు.

మొదలుపెట్టడానికి పెద్ద సంస్కరణలేవీ అక్కర్లేదు. మొదటి ఏడాది ఒకే చిరునామా మీద రెండో కారు నమోదుకు చోటు రుజువు అడగొచ్చు, తర్వాతి ఏడాది ఔటర్ రింగ్ రోడ్డు లోపల కొనే ప్రతి కొత్త కారుకూ వర్తింపజేయొచ్చు. ద్విచక్ర వాహనాల జోలికి ఇప్పట్లో వెళ్లనవసరం లేదు. అంతకన్నా ముందు ప్రభుత్వ శాఖలు నెలవారీ అద్దెకు తీసుకుని అధికారులకు కేటాయించిన కార్లు రాత్రిపూట ఎవరి వీధిలో ఎవరి గేటు ముందు ఆగుతున్నాయో ఒక జాబితా తయారు చేయించి, చోటు చూపలేని బళ్ల అద్దె బిల్లు ఆపితే, జీవో రాసే చేతులకే ఈ నిబంధన ఎంత అవసరమో తొందరగా అర్థమవుతుంది.