కోటు వేస్తే ఆడంబరం, లుంగీ కడితే అగౌరవం

పాస్టరుగారు సాయంత్రం పూట గళ్ల లుంగీతో పాల ప్యాకెట్ కోసం కొట్టుకు వెళ్లారనుకోండి. మర్నాటికల్లా సంఘపెద్ద ఒకాయన చెవిన వేస్తారు: "అయ్యగారూ, మీరలా బజార్లో కనిపిస్తే మాకు బాగోదండీ." అదే అయ్యగారు ఆదివారం కోటు, టైతో నిలబడితే "మన కానుకలన్నీ ఆయన ఒంటిమీదే ఉన్నాయి" అన్న మాట కూడా ఆ మందిరం గుమ్మంలోనే వినిపిస్తుంది. ఇక ఆయనకు మిగిలేది తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. వాటిని ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసే పని మాత్రం పాస్టరమ్మగారిది.

తెలుగు సంఘాల్లో ఈ తెలుపు మాట వస్తే సువార్తికుడు భక్త్‌సింగ్ గుర్తుకొస్తారు. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంగ్లండ్‌లో చదివి, దొరల అలవాట్లన్నీ పట్టి, కెనడాలో క్రైస్తవుడైన మనిషి. తిరిగొచ్చాక తెల్లని దేశీ దుస్తుల్లోకి మారారు. హైదరాబాద్‌లో ఆయన మందిరం హెబ్రోనులో జనం చాపల మీద కూర్చునే ఆరాధనకు ఆ వేషం సరిపోయింది. పెంతెకోస్తు మిషన్ సేవకులదీ తెలుపే. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకు అంగీ, కాలర్ ఉన్నాయి కాబట్టి అక్కడ ఈ గొడవ తక్కువ. యూనిఫాం ఉన్న ఉద్యోగికి పొద్దున్నే ఏం వేసుకోవాలన్న టెన్షన్ ఉండదు కదా.

బోధకుడికి ప్రత్యేక వేషం ఉండాలన్నది మొదటినుంచీ అందరూ ఒప్పుకున్న సంగతేమీ కాదు. 428లో పోప్ సెలెస్టీన్ గాల్ ప్రాంతపు (ఇప్పటి ఫ్రాన్స్ వైపు) బిషప్పులకు రాసిన ఉత్తరంలో, మనల్ని జనం గుర్తుపట్టాల్సింది బోధను బట్టి గానీ బట్టలను బట్టి కాదని మందలించాడు. ఆ మందలింపును రోమే ఎక్కువ కాలం గుర్తుపెట్టుకోలేదు.

మన దక్షిణాదిలో బట్టల గొడవ వెంటనే కులం గొడవ అయింది. 1606లో మదురై చేరిన ఇటలీకి చెందిన, జెస్యూట్ అనే కాథలిక్ సన్యాస సంఘపు పాదిరీ రాబర్ట్ డి నోబిలి నల్ల అంగీ విప్పేసి కాషాయం కట్టాడు, పావుకోళ్లు తొడిగాడు, మాంసం మానేశాడు. తోటి పాదిరీలే ఆయన మీద ఫిర్యాదు చేశారు. కొత్తగా చేరినవాళ్లు జంధ్యం, పిలక ఉంచుకోవచ్చా అన్న తగువు రోము దాకా పోయింది. 1623లో తీర్పు నోబిలికి అనుకూలంగానే వచ్చింది. దీన్ని స్థానిక సంస్కృతికి గౌరవమని మెచ్చుకునేవాళ్లు చాలామంది. అయితే సన్యాసి వేషంలో ఉన్న పాదిరీ అంటరానివాళ్ల మధ్య తిరిగితే ఆ వేషానికి విలువ పోతుంది. అందుకని 1640 ప్రాంతంలో కింది కులాల కోసం పండారస్వాములని వేరే బృందం పెట్టారు. దేవుడొక్కడే, వేషాలు రెండు. నాకైతే ఆ కాషాయంలో గౌరవం కంటే లెక్కే ఎక్కువ కనిపిస్తుంది.

తెలుగు నేల మీద పెద్ద ఎత్తున క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు ఆ రెండో వరస జనమే. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చాలామంది మాదిగలు, కరువు మధ్యలో ఉన్నవాళ్లు. ఊళ్లోకి వెళ్తే చెప్పులు చేతిలో పట్టుకోవాల్సిన రోజులవి. అలాంటి ఇళ్లలోంచి వచ్చిన కుర్రాడు బైబిల్ స్కూల్ ముగించి, మడత నలగని కోటుతో, మెరిసే బూట్లతో స్టేజీ ఎక్కితే అది చూసి కళ్లు చెమర్చే అమ్మమ్మలున్నారు. ఆ కోటు సంగతి తెలియకుండా "సేవకుడికి ఇంత డాబు ఎందుకు?" అనే మాట నాకు మింగుడుపడదు. ముఖ్యంగా ఆ మాట ఏ తరంలోనూ బట్టకు కరువు లేని ఇంట్లోంచి వచ్చినప్పుడు.

అలాగని డాబంతా ఆత్మగౌరవం ఖాతాలో వేయలేం. 2019లో అమెరికాలో ఒకాయన ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రీచర్స్ అండ్ స్నీకర్స్ అనే ఖాతా తెరిచి, పేరున్న పాస్టర్ల బూట్ల ఫొటోల పక్కన ధరలు పెట్టడం మొదలుపెట్టాడు. వందలు, వేల డాలర్లు. మన దగ్గర సభల ఫ్లెక్సీలు చూస్తే చేతి గడియారం కనిపించేలా ఫొటోకి నిలబడటం ఇక్కడా తెలుసని అర్థమవుతుంది. కానీ గడియారం గురించి గుసగుసలాడే సంఘం ఏడాది చివర జమాఖర్చులు చదివి వినిపించమని ఎందుకడగదు? సంఘం లెక్క, ఇంటి లెక్క ఒకే జేబులో ఉన్నచోట పాస్టరుగారు ఖద్దరు కట్టినా ఒకటే, సూటు వేసినా ఒకటే.

ఇంతకీ నిజంగా కఠినమైన నియమాలు పాస్టరుకు ఉండవు. అవి ఆయన భార్యకూ, వెనక కూర్చున్న ఆడవాళ్లకూ ఉంటాయి. కొన్ని సంఘాల్లో బొట్టు, పూలే కాదు, గాజులు, కమ్మలు కూడా తీసెయ్యాలి. పాస్టరమ్మ కాస్త మంచి చీర కడితే నెలంతా అదే ముచ్చట. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల డయోసిస్‌కు సీఎస్ఐ మొదటి మహిళా బిషప్ అయ్యారు. చాలా స్వతంత్ర సంఘాల్లో మాత్రం ఆడవాళ్లు ప్రసంగ వేదిక ఎక్కడానికే వీల్లేదు. వాళ్ల కమ్మల గురించి తీర్మానించే కమిటీలో కూడా వాళ్లుండరు.