తెల్ల సైకిల్ ఫొటోలో రోడ్డు కూడా ఉండాలి

సైకిల్ తొక్కుతూ వాహనం ఢీకొని చనిపోయినవారికి గుర్తుగా, ఆ ప్రమాదం జరిగిన చోటనే, నిలువెల్లా తెల్లరంగు పూసిన సైకిల్‌ను స్తంభానికి గొలుసుతో కట్టి ఉంచే ఆనవాయితీ నేడు అనేక దేశాల్లో ఉంది. వాటిని ఘోస్ట్ బైక్‌లంటారు. వాటిని చూసి స్ఫూర్తి పొందిన కళాత్మక ఫొటోగ్రఫీ మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది. ఆ ఫొటోల్లో చాలావాటిలో రోడ్డు కనిపించదు.

ఫొటోగ్రాఫర్ లెన్స్ అపర్చర్‌ను, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి, సైకిల్‌కు బాగా దగ్గరగా వెళ్లి, వాడిపోయిన పూల మీదో, తుప్పు పట్టిన చక్రపు ఊచల మీదో ఫోకస్ పెడతాడు. దాంతో వెనుక ఉన్న కూడలి, సిగ్నల్, మలుపు తిరుగుతున్న లారీ అన్నీ మెత్తని రంగుల మరకలుగా కరిగిపోతాయి. రాత్రివేళ అయితే షట్టర్‌ను కొన్ని క్షణాలపాటు తెరిచి ఉంచి, వెళ్లే కార్ల దీపాలను పొడవాటి ఎర్రని గీతలుగా మారుస్తాడు. ఒక మనిషి ప్రాణం తీసిన వేగమే అక్కడ అలంకారమైపోతోందని గమనించినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ఈ సైకిళ్లకు కళతో సంబంధం మొదటినుంచీ ఉందన్న మాట నిజమే. 2002లో శాన్ ఫ్రాన్సిస్కోలో జో స్లోటా అనే కళాకారుడు వీధుల్లో వదిలేసిన సైకిళ్లకు తెల్లరంగు వేశాడు. అది కేవలం కళాప్రయోగం, ఎవరి మరణానికీ గుర్తు కాదు. మరుసటి ఏడాది అమెరికాలోనే సెయింట్ లూయిస్ నగరంలో పాట్రిక్ వాన్ డెర్ టుయిన్ అనే వ్యక్తి, సైకిళ్ల కోసం కేటాయించిన దారిలోనే ఒక సైక్లిస్టును కారు ఢీకొట్టడం చూసి, తెల్లరంగు వేసిన సైకిల్‌ను, సైక్లిస్టును ఢీకొట్టింది ఇక్కడేనని తెలిపే పలకతో సహా అక్కడ ఉంచాడు. ఆ రోజునుంచి తెల్ల సైకిల్‌కు స్థలమే ప్రాణమైంది. దాన్ని ఆ స్థలంనుంచి విడదీసి చూపించే ఫొటో ఎంత అందంగా ఉన్నా, సాక్షిని పిలిపించి నోరు విప్పనివ్వకపోవడం లాంటిదే.

దుఃఖాన్ని చూపించడం తప్పా అని అడిగేవారున్నారు. తప్పు కాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నివేదిక ప్రకారం ఏటా సుమారు 11.9 లక్షల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. వాహనాల వేగం, కూడలికి ముందే అర్ధంతరంగా ఆగిపోయే సైకిల్ దారి, లారీ డ్రైవర్‌కు పక్కన ఎవరున్నారో కనిపించని కోణం, వెనుక చూడకుండా తెరిచే కారు తలుపు వంటి కారణాలు సైక్లిస్టుల మరణాల వెనుక మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిని మసకబార్చి పూలను మాత్రమే చూపిస్తే, ఆ మరణం తలరాత అన్నట్టుగా చూసేవారి మనసులో మిగులుతుంది.

ఇందుకు కావలసిన నైపుణ్యం ఫొటోగ్రాఫర్ల దగ్గర లేక కాదు. తెలుపు రంగు, వెలుతురును కొలిచే కెమెరా మీటర్‌ను మోసం చేస్తుంది, సైకిల్ బూడిదరంగులోకి దిగిపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు, అంటే కెమెరాలోకి చేరే వెలుతురును రెట్టింపు వరకు పెంచి, అయినా పెయింట్ మీది గీతలు చెరిగిపోకుండా ఎంతో జాగ్రత్త తీసుకుంటారు. ఆ శ్రద్ధలో సగం రోడ్డుకు ఇవ్వాలని నా కోరిక. వెనుక ఉన్నదీ స్పష్టంగా కనిపించేలా అపర్చర్‌ను తగ్గించి, వెడల్పు లెన్స్‌తో, సైకిల్ మీద కూర్చున్న మనిషి కంటి ఎత్తునుంచి తీస్తే, ఆ మనిషికి చివరిసారి ఎంత జాగా మిగిలిందో చూసేవారికి అర్థమవుతుంది.

స్టూడియోల్లోనూ పొలాల్లోనూ మోడళ్ల పక్కన తెల్ల సైకిళ్లను నిలబెట్టి తీసే చిత్రాలను నేను అసలు ఒప్పుకోలేను. పలక మీద పేరున్న నిజమైన సైకిల్ ఫొటోను ప్రింట్లు వేసి అమ్మాలంటే ముందుగా కుటుంబాన్ని అడగాలి.

ప్రదర్శనలు ఏర్పాటు చేసేవారిని నేను కోరేది ఇది: ప్రతి చిత్రం కింద కూడలి పేరు, ఫొటో తీసిన తేదీ, ప్రమాదం తరువాత ఆ రోడ్డులో ఏం మార్చారో రాయండి. ఏమీ మార్చకపోతే ఆ మాటే రాయండి. అధికారులు సైకిల్‌ను తొలగించి ఉంటే, ఖాళీ స్తంభాన్నీ దాని ముందున్న రోడ్డునూ ఫొటో తీసి, పాత చిత్రం పక్కనే అదే పరిమాణంలో వేలాడదీయండి.