'ఇతో' గారికి ఒక గ్వెరీతా ఫిర్యాదు

శ్రీయుత 'ఇతో' గారికి, శ్రీమతి 'ఇతా' గారికి,

నమస్కారం. స్పానిష్ మాటల వెనక తోకలా వేలాడుతూ ప్రతిదాన్నీ చిన్నదిగా, ముద్దుగా చేయడం మీ వృత్తి అని తెలుసు. కుక్కని పెర్రో అంటారు, మీరు తగులుకుంటే పెర్రితో. మేమైతే ముందు 'బుజ్జి' పెట్టుకుంటాం. అక్కడిదాకా మీతో నాకే పేచీ లేదు.

మెక్సికోలో, గ్వాదలహారాలో, కాపురం పెట్టిన మొదటి వారం. టమాటాలమ్మే ఆయన "ఏమివ్వమంటావు, గ్వెరీతా?" అన్నాడు. తెల్లపిల్లా అని! పెళ్లిచూపుల్లో నన్ను చామనఛాయ అని చెప్పడానికే మా పిన్ని నీళ్లు నమిలింది. ఆ ఆనందంలో కిలో కొందామని వెళ్లినదాన్ని మూడు కిలోలు తూయించాను. సంచీ సర్దుకునేలోపు నా వెనకావిణ్ణీ, ఆవిడ వెనకావిణ్ణీ కూడా గ్వెరీతా అనేశాడు. మూడు రోజులు టమాటా పచ్చడే తిన్నాం.

పక్కింటావిడ ఈనెపుల్లలాంటి మొగుణ్ణి 'గోర్దితో' అంటుంది, బొద్దోడా అని. సరదాపడి మా ఆయన్నీ అలాగే పిలిచాను. మర్నాటి నుంచి అన్నం మానేసి పుల్కాలంటున్నారు. చేసేది నేనే కదా.

'అఓరా' అంటే ఇప్పుడు. మీరు చేరితే 'అఓరీతా', ఇంకా తొందరగా అనుకున్నాను. సోమవారం అఓరీతా అన్న ప్లంబర్ గురువారం వచ్చాడు.

ఇక్కడ మీకింత పలుకుబడి, మెక్సికో ఆదివాసుల భాష నావాతల్‌లోని 'త్సిన్' అనే తోక చలవేనని కొందరంటారు. ముద్దుకీ మర్యాదకీ అదే తోకట, బుజ్జీ గారూ ఒక్కటే అన్నమాట. మరియమ్మ తల్లినే 'విర్హెన్‌సితా', అంటే బుజ్జి కన్యమ్మ, అంటారంటే నమ్మాల్సిందే.

అసలు గొడవ రాత్రి పూటది. ఇంటి ఓనరమ్మ మావాడికి దుప్పటి కప్పి, "కే సువేన్యెస్ కోన్ లోస్ ఆంహెలితోస్" అంటుంది. బుజ్జి దేవదూతలు కల్లోకి రావాలని దీవెన. ఆ వెంటనే జోలపాటలో కోకోని దింపుతుంది, నిద్రపోకపోతే తినేస్తాడని. మన బూచాడే. స్పెయిన్‌లో గోయా అనే చిత్రకారుడు 1799లోనే వాడి బొమ్మ అచ్చేశాడు: ముసుగేసుకుని నిలబడ్డ ఆకారం, భయంతో తల్లిని కరుచుకున్న పిల్లలు. రెక్కలున్న దేవదూతలకి తోకయ్యారు సరే, కోకో వెనక కూడా వేలాడొచ్చుగా? 'కోకితో' అని ఉంటే మావాడికి టెన్షన్ సగం తగ్గేది, నాకు రాత్రంతా లైటు వేసి ఉంచే బాధ తప్పేది.

ఓనరమ్మ వాణ్ణి 'పాపితో' అంటుంది, బుజ్జి నాన్నా అని. నేనూ నాన్నా అనే పిలుస్తాను కాబట్టి దానికి అభ్యంతరం లేదు. నిన్న రాత్రి పదకొండైంది. "ఇంక పడుకో నాన్నా" అన్నాను. బొమ్మ బస్సు మీంచి తల కూడా ఎత్తకుండా "అఓరీతా" అన్నాడు.

ఇట్లు,
గ్వెరీతా