సవరణ: డిప్రెషన్ మాత్రల గురించి నేను రాసింది తప్పు

మొన్న నల్లగొండ హాస్టల్ రోజుల గురించి రాస్తూ, ‘డిప్రెషన్ మాత్రలు మొదలుపెడితే ఇక అలవాటైపోతాయి’ అన్నాను. తప్పు. రెండు రకాలను కలిపేశాను. అలవాటు పడే ప్రమాదం ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే ఆల్ప్రజోలం లాంటి వాటితో. పరీక్షల ముందు నిద్ర కోసం మా ఫ్లోర్‌లో చేతులు మారింది ఆ స్ట్రిప్పే. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ లాంటివి వేరు. ఇంకా కావాలని మనసు లాగదు. కానీ గుణం తెలియడానికి వారాలు పడుతుంది, డాక్టర్‌ని అడక్కుండా ఒక్కసారిగా ఆపితే తల తిరగొచ్చు. (ఫార్మకాలజీలో నా మార్కులు అడక్కండి.)

మొన్న రాసింది చదివి ఒక జూనియర్ ఏప్రాన్ జేబులోని తన డిప్రెషన్ మాత్రల స్ట్రిప్పు తీసి చెత్తబుట్టలో వేశాడట. ఫోన్ చేసి తప్పైందని చెప్పాను. మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లాడు.

ఇంకోటి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 పగలే పనిచేస్తుందన్నాను. కాదు, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.